ఏకుడు

పొదిలి బస్టాండు వెనక, ఎరువుల కొట్టు మీద గది.
ఒక బల్ల, ఒక ఫ్యాను, గోడకు కండరాల పటం.
చర్మం లేని ఆ మనిషిని చూసి
మొదటిరోజు మాలకొండమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.
"ఈయన్నెవరు వొలిచారు పాపా?"

మర్రిపూడి నుంచి ఆటోలో వచ్చింది,
కుడిచేతిని ఎడమచేత్తో మోసుకుంటూ,
వేరెవరిదో బిడ్డను ఎత్తుకొచ్చినట్టు.
ఇరవై ఏడు సీజన్లు బ్యారన్ గుమ్మంలో నిలబడి
పొగాకు కర్రను పైనున్న మగాళ్ళకు అందించిన చెయ్యి.
ఇప్పుడు చెవి దాకా రాదు.
జుట్టు కోడలు ముడేస్తోంది.
వేసేటప్పుడు రోజూ ఒకే మాట అంటుందట,
ఆ మాటేంటో చెప్పలేదు.

బోర్లా పడుకోబెట్టాను.
రెక్క ఎముక అంచున వేలు పెడితే
చింతగింజంత గట్టితనం, పక్కన ఇంకోటి,
మెడ దాకా వరస.
కాలేజీలో దీనికి పొడుగాటి పేరు నేర్పారు,
పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను.
వేలికి మాత్రం ఆ పేరు గుర్తు రాదు.
వేలికి మా నాయన గుర్తొస్తాడు.

నాయన శిలారు.
విల్లు భుజానేసుకుని ఊరూరా పరుపులు విప్పినవాడు.
ఏళ్ళ తరబడి జనం పడుకున్న దూదిని అరుగు మీద పోసి
ముందే కొట్టడు. తడుముతాడు.
చెమటకు గడ్డకట్టిన చోటు,
బిడ్డ ఉచ్చపోసిన చోటు,
గోడవైపే తిరిగి పడుకున్న మనిషి గుంట.
"ఈ ఇంట్లో ఆమెకు నిద్ర లేదు" అనేవాడు
నాకొక్కదానికే వినపడేట్టు.
ఆ తర్వాతే నారి మోగేది. టంయ్.
"గట్టిగా కొడితే పోగు తెగుద్ది కాశింబీ.
అది వదిలిందాకా నువ్వే ఆగాల."

ఆగాను.
బొటనవేలి కింద గింజ.
తొంభై లెక్కపెట్టేదాకా ఆగాను.
కింద కొట్లో యూరియా బస్తాలు దించుతున్నారు,
ఒక్కో బస్తాకీ బల్ల కొంచెం అదురుతోంది.
మాలకొండమ్మ పళ్ళు బిగించింది, తర్వాత తిట్టింది,
నన్ను కాదు, మేస్త్రీని, పేరు పెట్టి,
ఆ తర్వాత వాళ్ళమ్మను, ఎప్పుడో పోయినామెను.
తిట్లన్నీ అయిపోయాక
ఊపిరొకటి వదిలింది.
గింజ అప్పుడు జారింది.

వారానికి రెండుసార్లు.
మర్దన అయ్యాక గోడ ఎక్కమంటాను, వేళ్ళతో.
వేళ్ళు సాలీడులా ఎక్కుతాయి, ఎక్కడో ఆగి వణుకుతాయి,
ఆగిన చోట సుద్దముక్కతో గీత.
పీర్ల పండగ వెళ్ళాక గీత
ఆ చర్మం లేనాయన మోకాలి దగ్గర.
వినాయక చవితికి తొడ.
బొడ్డు దాటిన రోజు తనలో తనే నవ్వుకుంది.
మధ్యలో వానలకు రెండు వారాలు రాలేదు,
మళ్ళీ తొడ దగ్గరికొచ్చాం.
కార్తీకంలో గడ్డం.

పుష్యం ఇంకా రాలేదు, ఒక బుధవారం
చెయ్యి చెవి దాటింది. నెత్తి దాటింది.
జుట్టు తనే ముడేసుకుంటుందని
నా తల్లోంచి పిన్ను తీసి చాపాను.

పిన్ను వైపు చూడనే లేదు.
రెండు చేతులూ పైకెత్తి,
లేని కర్రను పట్టుకుని, మడమలు లేపి,
ఫ్యాను దాకా కొలిచింది.

"రెండో టైరుకి అందుద్ది పాపా.
సోమారం బ్యారన్ వెలిగిస్తన్నారు."

కొంగు ముడి విప్పి డబ్బులు లెక్కపెట్టింది,
ఇరవై తక్కువైంది, మళ్ళీ ఇస్తానంది.
మెట్లు దిగుతూ రెయిలింగు పట్టుకుంది, కుడిచేత్తోనే.

నేనేం అనలేదు.
నాయన ఏకి, కుట్టి, దులిపి ఇచ్చిన పరుపు మీద కూడా
ఆ రాత్రే ఎవరో ఒకరు పడుకునేవాళ్ళు.